బొట్టు లేని పిలుపు

పలమనేరులో బస్సు మారి, పుంగనూరులో దిగి, నడుచుకుంటూ వచ్చిన చుట్టాలిద్దరూ రుక్మిణమ్మ ఇంటి ముందు ఆగారు. గుమ్మానికి కట్టిన మామిడాకులు చూశారు. గడపకు పూసిన పసుపు చూశారు. లోపల మూకుడులో వడలు వేగుతున్న వాసన కూడా వాళ్ళ ముక్కుకు తగిలే ఉంటుంది. అన్నీ చూసి, గిరుక్కున తిరిగి, ఎదురింటి అరుగు మీద కూర్చున్నారు.

ఆ వీధి ఎంత వెడల్పని? ఒక ఎద్దులబండి వస్తే ఎదురుగా వచ్చే సైకిలు దిగి నిలబడాలి. ఈ అరుగు మీద దగ్గితే ఆ అరుగు మీద వినబడుతుంది. అలాంటి చోట శుభకార్యానికి వచ్చిన చుట్టాలు ఎదురింట్లో కూర్చున్నారంటే వీధి మొత్తానికీ దండోరా వేసినట్టే.

కూర్చున్నవాడు రెడ్డెప్ప. రుక్మిణమ్మ కోడలు సుధారాణికి అన్న. రామకుప్పం దగ్గర పల్లెలో రాగి, కూరగాయలు పండించుకుంటాడు. పక్కన ఆయన భార్య రమణమ్మ. ఆమె ఒళ్ళో కొత్తబట్టల సంచి ఉంది. ఆ సంచి మీద రెండు చేతులూ వేసి, ఎవరో లాక్కుంటారన్నట్టు పట్టుకుని కూర్చుంది.

ఆ రోజు రుక్మిణమ్మ మనవడు చేతన్‌కు చెవులు కుట్టించే రోజు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి కుట్టించాలి. మేనమామ లేకపోతే కంసాలి సూది పట్టడు. అది ఎవరు పెట్టిన నియమమో ఎవరూ చెప్పలేరు గానీ, తప్పితే ఏమవుతుందో మాత్రం అందరూ కళ్ళారా చూసినట్టే చెబుతారు. బుధవారం కనుక పన్నెండుకు రాహుకాలం వస్తుంది. ఆలోపల అయిపోవాలి. ఇది దాటితే మూఢం. పిల్లవాడికి పదకొండో నెల వెళ్ళిపోతుంది, మళ్ళీ మూడో ఏడు దాకా ఆగాలి. అప్పటికే పదిన్నర అయింది.

సుధారాణి చెంబుతో నీళ్ళు తీసుకుని వీధి దాటి పోయింది. పోయినంత సేపు పట్టలేదు తిరిగి రావడానికి. చెంబులో నీళ్ళు అలాగే ఉన్నాయి.

"కాళ్ళు కడుక్కోలేదు అత్తా. మమ్మల్ని ఈ ఇంటికి ఎవురూ పిలవలేదు, మేము ఎదురింటి షకీలమ్మ ఇంటికి వచ్చినామంటాంది వదిన."

రుక్మిణమ్మ వడలు తీస్తున్న జల్లిగరిటె ఆపింది. "పిలవలేదా? నేను పిలవలేదా?"

"ఫోన్లో పిలిచినారు గదా," అంది సుధారాణి, తల వంచుకుని. ఆ తల వంచుకోవడంలో కూడా కొంచెం నింద ఉంది.

సంగతి అదే. వాళ్ళ చుట్టరికాల్లో పిలుపంటే బొట్టు పెట్టి పిలవడమే. కార్డు కొట్టించి పోస్టులో పంపినా, మనిషి చేత కబురు చేసినా అది తెలియజేయడమే అవుతుంది, పిలుపు కాదు. ఆ ఇంటి ముత్తైదువ కుంకుమ భరిణె చేత్తో పట్టుకుని, ఎండ అనకుండా వాన అనకుండా గడప తొక్కి, నొసట బొట్టు పెట్టి, "మా ఇంట్లో శుభం, ఇంటిల్లిపాదీ రండి" అంటేనే పిలుపు. ఆడబిడ్డను ఇచ్చిన ఇంటిని పిలిచేటప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

రుక్మిణమ్మకు ఇవన్నీ తెలియక కాదు. ఆమె భర్త పోయి ఆరేళ్ళయింది. ఆ రోజు నుంచి ఆమె నొసట విభూతి రేఖ తప్ప వేరే ఏమీ లేదు. ఇంట్లో దేవుడి దీపం తనే పెడుతుంది, స్తోత్రాలు తనే చదువుతుంది. అమ్మవారి పటానికి కుంకుమ మాత్రం కోడలు పెట్టాలి. అలాంటి మనిషి భరిణె పట్టుకుని ఏ గడప తొక్కుతుంది? కోడల్ని పంపుదామంటే, తన పుట్టింటిని తానే పిలుచుకోవడం పిలుపు కాదు, అడుక్కోవడం అంటారు. ఇక మిగిలింది నిమ్మనపల్లెలో ఉన్న తోడికోడలు ఈశ్వరమ్మ. రుక్మిణమ్మ భర్తకు అన్న భార్య. పసుపుకుంకాలతో, ఆరుగురు మనవళ్ళతో కళకళలాడే మనిషి.

ఈశ్వరమ్మను అడగడం కంటే నాలుక కోసుకోవడం మేలనుకుంది రుక్మిణమ్మ. కొడుకు ధనుంజయ పెళ్ళిలో తల్లి చేయాల్సిన పనులన్నీ ఈశ్వరమ్మే చేసింది. చేసి ఊరుకుందా? "నేను లేకుంటే ఆ పెండ్లి అయ్యేదా? ఆమె గది తలుపు సందులోంచి సూస్తాండె పాపం," అని నిమ్మనపల్లె నుంచి మదనపల్లె దాకా చెప్పుకుంది. ఆ "పాపం" అన్న మాట రుక్మిణమ్మ కడుపులో ముల్లులా దిగబడిపోయింది.

అందుకని ఆమె ఎదురింటికి వెళ్ళింది. ఎదురిల్లు అబ్దుల్ సత్తార్‌ది. ఆయనకు మదనపల్లెలో పరుపుల అంగడి ఉంది. ఇక్కడ ముందు గదిలో అద్దాల పెట్టె కట్టించి ఎస్టీడీ బూతు పెట్టాడు. దాన్ని ఆయన భార్య షకీలా చూసుకుంటుంది. షకీలా నంబరు తిప్పి ఇచ్చింది. రామకుప్పంలో ఒక ఎరువులు, పురుగుమందుల అంగట్లో ఫోను మోగింది. మనిషిని పంపి రెడ్డెప్పను పిలిపించారు. రుక్మిణమ్మ కళ్ళ ముందు మీటరు ఎర్రటి అంకెలు గిరగిరా తిరుగుతున్నాయి.

"రెడ్డెప్పా, బుధవారం పిల్లోనికి చెవులు కుట్టిస్తాండాము. ఇద్దరూ రాండి. పదికంతా ఈడుండల్ల. ఇంగ పెడతా."

పెట్టేసింది. అయిపోయిందనుకుంది. అవతల పది మంది రైతుల మధ్య రిసీవరు చేత్తో పట్టుకుని రెడ్డెప్ప ఎలా నిలబడ్డాడో ఆమెకు కనబడలేదు.

ఇప్పుడు కనబడుతున్నాడు.

"నేను పోయి పిల్చుకొని వస్తానుండు," అని ధనుంజయ పంచె సర్దుకుంటూ లేచి వీధి దాటాడు. అతను మదనపల్లె టమోటా మార్కెట్లో మండీ గుమాస్తా. రోజూ వేలంపాటల మధ్య అరిచి అరిచి అతని గొంతు మెల్లగా మాట్లాడటం మరచిపోయింది.

"ఏం బావా, లోపలికి రాకుండా ఈ ఏషాలేంది?"

"ఏషాలు ఎవురివి బావా?" అన్నాడు రెడ్డెప్ప. లేవలేదు. "టమోటా పెట్టెలకు పాట పాడినట్ల ఫోన్లో ఒక కేక ఏస్తే పరుగెత్తుకొని రావల్లా?"

"వచ్చినారు గదా మల్ల?"

"పిల్లోని మొగం సూసి వచ్చినాము. మీ మొగాలు సూసి గాదు."

"ఈ కాలంలో ఫోన్లో పిలిస్తే తప్పేంది? ఢిల్లీ నుంచి కూడా ఫోన్లోనే మాట్లాడుతాండారు."

రమణమ్మ సంచి మీది చెయ్యి తీసింది. "అన్నా, ఫోన్లో పిలిస్తే ఫోన్లోనే చెవులు కుట్టించుకోండి. మా ఆయన ఆడ అంగట్లో ఒడి పరుస్తాడు, మీరు ఈడ సూది పొడవండి."

వీధిలో ఎవరో కిసుక్కున నవ్వారు. ధనుంజయ మెడ ఎర్రబడింది. "రమణమ్మా, మాట మర్యాదగా రానీ" అంటూ వేలు చూపించాడు. రెడ్డెప్ప ఆ వేలి వైపు చూసి అప్పుడు లేచాడు. "ఆ వేలు దించు బావా. మీ మార్కెట్లో సూపించుకో."

ధనుంజయ వేలు దించి వెనక్కి వచ్చాడు. లోపలికి వస్తూనే తల్లి మీద పడ్డాడు. "ఒక్క బొట్టుకు ఇంత తెచ్చి పెట్టినావు గదమ్మా!"

రుక్మిణమ్మ కిటికీ చువ్వల్లోంచి ఎదురుగా చూస్తోంది. షకీలా రెండు గ్లాసుల్లో టీ తెచ్చి చుట్టాలకు ఇచ్చింది. తన ఇంటికి చల్లనీళ్ళకు కూడా రానివాళ్ళు ఆ గ్లాసులు తీసుకుని ఊదుకుంటూ తాగుతున్నారు. రమణమ్మ ఆ టీ తాగేది గొంతు తడవడానికి కాదనీ, రుక్మిణమ్మ చూడటానికనీ ఇటూ తెలుసు, అటూ తెలుసు.

"నా ముందరే గదమ్మా ఫోను చేసింది అక్క," అంటోంది షకీలా. "ఒక మాట తప్పు మాట్లాడలేదు. మర్యాదగానే పిలిచింది."

"అవునా? మీలో దావత్‌కు ఎట్ల పిలుస్తారు షకీలమ్మా? ఫోన్లోనేనా?"

"అరె, ఫోన్లోనా! మేమూ ఇంటికి పోవల్ల. ఫోన్లో పిలిస్తే మా ఆడబిడ్డ ఏడాది మాట్లాడదు." అనేసి షకీలా నాలుక కరుచుకుంది.

"ఇన్నారా?" అని రమణమ్మ గొంతు పెంచింది. ఆ మాట షకీలాకు చెప్పింది కాదు, కిటికీకి చెప్పింది. "బొట్టు పెట్టుకోని వాళ్ళు గూడా గడప తొక్కి పిలుస్తారంట. మాకు మాత్రం పురుగుమందుల అంగట్లో పిలుపు. ఎందుకు పిలుస్తారులే. సుధ శ్రీమంతానికి మేము తెచ్చిన చీర పట్టుకొని 'ఇది పెట్టేదానికా, పీటలు తుడిచేదానికా' అన్న ఇల్లు గదా ఇది!"

ఆ మాట అన్నది నిజమే. అన్నందుకు రుక్మిణమ్మ తర్వాత బాధపడిందీ నిజమే. బాధపడినట్టు చెప్పలేదన్నదీ నిజమే. మనిషి తప్పు చేస్తే దేవుడి ముందు చెంపలు వేసుకుంటుంది, ఎవరికి చేసిందో వాళ్ళ ముందు మాత్రం తల ఎత్తుకునే తిరుగుతుంది. దేవుడు వాళ్ళకు చేరవేస్తాడన్న నమ్మకమేమో.

పదకొండయింది. పీట మీద పసుపు వినాయకుడు, ఎదురుగా దీపం. దాని పక్కన కంసాలి శ్రీరాములు పెట్టె తెరిచి బంగారు తీగ సాగదీసుకుంటున్నాడు. "అమ్మా, నాకు సదుంలో ఇంకొక ఇంట్లో పనుండాది. పన్నెండు దాటితే నేను సూది ఎత్తను. ముందే చెప్తాండా."

గోడకు ఆనుకుని కూర్చున్న ఈశ్వరమ్మ ఆకులో వక్క పెట్టి మడుస్తోంది. పొద్దుటి నుంచీ ఆ ఒక్క పనే ఆమె తీరిగ్గా చేస్తోంది. "నన్ను ఒక్క మాట అడిగింటే రామకుప్పం పోయి బొట్టు పెట్టి వస్తాంటిని గదా రుక్మిణీ. నాకేమన్నా కాళ్ళు లేవా, నొసలు లేదా?"

నొసలు అన్న మాటను ఆమె కొంచెం సాగదీసింది.

"అత్తా, అడగండి," అని సుధారాణి చెవి దగ్గర గుసగుసలాడింది. "నా కోసమని గాదు, పిల్లోని కోసం అడగండి."

రుక్మిణమ్మ లేచి ఈశ్వరమ్మ ముందు నిలబడింది. "అక్కా, పోయి బొట్టు పెట్టి పిల్చుకొని రా."

"ఏమంటాండావు? సరిగ్గా ఇనబళ్ళా."

వినబడింది. ఇంట్లో అందరికీ వినబడింది. మూకుడులో నూనెకు కూడా వినబడి ఉంటుంది. రుక్మిణమ్మ పళ్ళు బిగించి మళ్ళీ అడిగింది. ఈశ్వరమ్మ అప్పుడు ఆకు నోట్లో పెట్టుకుని, మోకాళ్ళ మీద చేతులు ఊని లేచి, కుంకుమ భరిణె అందుకుని పెళ్ళికూతురిలా వీధి దాటింది.

రమణమ్మ నొసలు ఇవ్వలేదు. చెయ్యి అడ్డం పెట్టింది.

"పెద్దమ్మా, నీ మింద మాకేం లేదు. నువ్వు మాకు ఫోను చెయ్యలేదు. ఎవురు చేసినారో ఆ నోరే రావల్ల. వచ్చి బొట్టు పెట్టి పిలిస్తే లేస్తాము. లేకుంటే ఒంటిగంట బస్సుకు పోతాము."

ఆమె ఆలోచించి అన్నదో, నోరు ముందుకు ఉరికిందో తెలియదు. కోపంలో ఉన్న మనిషి రాయి విసిరిన తరువాతే ఎవరికి తగిలిందో చూసుకుంటుంది. ఈశ్వరమ్మ మాత్రం మాటకు మాట మోసుకొచ్చింది, దారిలో ఒక్కటీ జారనివ్వకుండా. "నీ నోరే కావల్లంట రుక్మిణీ. నీ చేత్తో బొట్టు పెట్టించుకుంటాదంట."

ధనుంజయ గోడ వైపు తిరిగాడు. గడియారంలో పదకొండూ ఇరవై ఐదు.

రుక్మిణమ్మ చెయ్యి చాచింది. "ఆ భరిణె ఇట్లియ్యి."

"ఏం పనే అది? పిచ్చిగాని పట్టిందా నీకు?"

"ఇయ్యి."

ఆరేళ్ళలో ఆమె ఆ భరిణె మూత ముట్టుకోలేదు. ఇప్పుడు దాన్ని పిడికిట్లో పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలోకి దిగింది. వీధిలో కొళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు దించి నిలబడ్డారు. ఎవరో "అయ్యో" అన్నారు. ఆ "అయ్యో" తన కోసమో, ఎదురుగా కూర్చున్న ఆమె పసుపుతాడు కోసమో రుక్మిణమ్మకు అర్థం కాలేదు. పది అంగల వీధి అది. ఆ పది అంగల్లో ఆమెకు భయం వేయలేదు. కోపం అంత గట్టిగా పట్టుకుని నడిపించింది.

రమణమ్మ ముందు నిలబడి మూత తీసింది. ఉంగరపు వేలు కుంకుమలో ముంచింది.

"నేనే వచ్చి పెట్టాలంటివి గదా. వచ్చినా. మొగం ఎత్తు."

రమణమ్మ ముఖంలో రంగు మారింది. కళ్ళు ఒకసారి భర్త వైపు, ఒకసారి వీధి వైపు తిరిగాయి. ఇప్పుడు వెనక్కి తగ్గితే పుంగనూరులో పరువు పోతుంది, ఊరికి పోయాక అక్కడా పోతుంది. పౌరుషం గల మనిషి. గడ్డం పైకెత్తింది. "పెట్టు. నేనేం భయపడను."

భయపడనన్నది నోరు. ఆమె ఎడమ చెయ్యి మాత్రం దాని పాటికి అది రవికె మీదికి పోయి పసుపుతాడును గుప్పెట్లో బిగించి పట్టుకుంది.

రుక్మిణమ్మ ఆ చెయ్యి చూసింది.

రామకుప్పం వైపు రాగి కంకికి వచ్చే కాలంలో అడవిలోంచి ఏనుగులు దిగుతాయి. మగవాళ్ళు మంచె మీద కూర్చుని డబ్బాలు మోగించి, దివిటీలు చూపించి తోలుతారు. రెడ్డెప్ప కూడా ఏటా పోతాడు. రేపు కార్తీకంలో ఆ మంచె దగ్గర జరగరానిది ఏదైనా జరిగితే? "ఆ ముండమోపి చేత్తో బొట్టు పెట్టించుకుంది, అందుకే" అంటారు. వాళ్ళు అంటే అననీ. తాను అనుకోకుండా ఉండగలదా? ఈ వేలే ఆ ఇంటి దీపం ఆర్పిందని జీవితాంతం ఈ వేలినే చూసుకుంటూ బతకాలి. అమ్మవారికి రోజూ కుంకుమ పెట్టే పూజారికి పెళ్ళాం పోయి ఎన్నేళ్ళయింది! ఆయన చేతి కుంకుమకు అమ్మవారు ఏనాడూ మొహం తిప్పుకోలేదు. ఆ ప్రశ్న ఆమెకు చాలాసార్లు వచ్చింది. ప్రశ్న వచ్చినంత మాత్రాన చెయ్యి లేస్తుందా?

లేవలేదు. కుంకుమ అంటిన వేలు రమణమ్మ నొసటికి జానెడు దూరంలో గాలిలో ఆగిపోయింది. ముందుకూ పోలేదు, వెనక్కూ రాలేదు.

"అత్తా," అన్నాడు రెడ్డెప్ప. మొదటిసారి ఆయన గొంతు దిగింది. "నువ్వు రాలేవని ఆ పొద్దు ఫోన్లోనే ఒక మాట చెప్పింటే సరిపోయేది గదా."

"ఏ మాట చెప్పల్ల?" రుక్మిణమ్మ అతని వైపు తిరిగింది. "నాకు మొగుడు లేడు, అందుకని రాలేనని చెప్పల్లా? ఆడ నీ పక్కన పది మంది ఇంటాంటే, ఈడ మీటరు తిరుగుతాంటే, ఆ మాట చెప్పల్లా నేను?"

రెడ్డెప్ప నేల చూశాడు. రమణమ్మ మాత్రం పట్టు వదల్లేదు. "ఈశ్వరమ్మ పెద్దమ్మను ముందే పంపింటే ఇదంతా యాల వస్తాది?"

"పంపను. నా ఇష్టం."

"సూసినావా, అదీ పొగరంటే!"

"పొగరే. నాకు మిగిలింది అదొక్కటే."

ఈ మాటలు ఎంతసేపు నడిచేవో. అంతలో సుధారాణి గడప దిగి వచ్చింది. చంకలో చేతన్, కొత్త చొక్కాలో, నిద్రమత్తుతో. ఆమె అత్తను చూడలేదు, వదినను చూడలేదు. తిన్నగా అరుగెక్కి పిల్లవాణ్ణి తెచ్చి రెడ్డెప్ప ఒళ్ళో దించింది.

"మామ ఒళ్ళో కుట్టించల్లన్నారు. ఇదో మామ. ఇదో ఒడి." ఇంటి వైపు తిరిగి అరిచింది. "శ్రీరాములన్నా, పెట్టె తీసుకొని ఈడికి రా!"

"ఒసేయ్, సాయిబులోళ్ళ అరుగు మిందనా?" ఈశ్వరమ్మ గుమ్మంలోంచి గుండె బాదుకుంది. "వంశంలో ఉండాదా ఇట్లాంటిది!"

"మా అరుగుకు ఏమైంది పెద్దమ్మా?" షకీలా గొంతు కూడా గట్టిగానే వచ్చింది. అప్పటిదాకా ఆమె అంత గట్టిగా మాట్లాడగలదని వీధికి తెలియదు. "పొద్దన్నే కడిగినా. కావల్లంటే మల్ల కడుగుతా." లోపలికి పోయి కొత్త చాప తెచ్చి పరిచింది.

శ్రీరాములు పెట్టె పట్టుకుని గుమ్మంలో తటపటాయించాడు. గోడ గడియారం వైపు చూశాడు. "నాకు మేనమామ ఒడి కావల్ల, పన్నెండు లోపల కావల్ల. అరుగు ఎవురిదైతే నాకేంది," అని వీధి దాటాడు.

రెడ్డెప్ప పిల్లవాడి తలను రెండు అరచేతులతో పట్టుకున్నాడు. ఒక చెవి అయింది. పిల్లవాడు గుక్కపట్టి, రెండో చెవికి వీధి అదిరేలా కేక పెట్టాడు. సుధారాణి ఏడుస్తూ వాడి నోట్లో బెల్లం ముక్క పెట్టింది. దేవుడి ముందు కొట్టాల్సిన టెంకాయ, వెలిగించాల్సిన కర్పూరం అన్నీ రుక్మిణమ్మ ఇంట్లో అలాగే ఉండిపోయాయి. పసుపు వినాయకుడు ఖాళీ పీటల ముందు ఒక్కడే కూర్చున్నాడు. ఆయనకు కోపం వచ్చిందో లేదో కనుక్కునే తీరిక ఎవరికీ లేకపోయింది.

పదకొండూ యాభైకి అంతా అయిపోయింది.

రుక్మిణమ్మ అరుగు పక్కన నిలబడే ఉంది. ఎవరూ ఆమెను జరగమనలేదు, దగ్గరికి రమ్మనలేదు. "నా మనవనికి చెవులు వీధిలో కుట్టించినావు," అంది కోడలితో.

"మీరు పిలిచింది ఈ ఇంట్లోంచే గదా అత్తా," అంది సుధారాణి కళ్ళు తుడుచుకుంటూ. "వాళ్ళు ఈ ఇంటికే వచ్చినారు. దాంట్లో వాళ్ళ తప్పేంది?"

పెళ్ళై రెండేళ్ళలో ఆమె అత్తకు ఎదురు చెప్పడం అదే మొదలు. వెనక నుంచి ధనుంజయ భార్యను ఏదో అనబోయాడు, తల్లి ముఖం చూసి మింగేశాడు.

రమణమ్మ సంచి విప్పి కొత్తబట్టలు, వెండి మొలతాడు మేనల్లుడికి పెట్టింది. బుగ్గ మీద ముద్దు పెట్టుకుంది. లేచి చెంగు దులుపుకుంది. రెడ్డెప్ప కూడా లేచాడు. రుక్మిణమ్మ ఇంట్లో నలభై మందికి వండి ఉంది. వడలు, పాయసం, చిత్రాన్నం. శుభానికి వచ్చినవాళ్ళు మెతుకు ముట్టకుండా పోతే ఆ ఇంటికి మంచిది కాదంటారు. తినిపోండి అనడానికి రుక్మిణమ్మకు నోరు రాలేదు. అనిపించుకోవడానికి రమణమ్మ రెండు నిమిషాలు అవసరం లేకపోయినా కొంగు సర్దుకుంటూ నిలబడింది. అయినా ఎవరూ అనలేదు.

అది చాలు ఆమెకు. రెండడుగులు వేసి ఆగి, రుక్మిణమ్మ వైపు తిరిగింది.

"శ్రావణంలో మా కొత్తింట్లో చేరతాండాము పెద్దమ్మా. మేము మాత్రం అందరిండ్లకూ పోయి బొట్టు పెట్టే పిలుస్తాము. నిన్ను ఎట్ల పిలవల్లో మాత్రం నాకు తెలీదు. నీకు బొట్టు పెట్టేదానికి లేదు గదా."

కొళాయి దగ్గర నీళ్ళు పొర్లిపోతున్నా ఎవరూ కట్టేయలేదు. "యా అల్లా," అని షకీలా నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఏయ్, నోర్ముయ్!" అన్నాడు రెడ్డెప్ప పెళ్ళాం జబ్బ పట్టుకుని. ఈశ్వరమ్మ కూడా నమలడం ఆపింది.

అందరూ రుక్మిణమ్మ ఏడుస్తుందనుకున్నారు. రమణమ్మ కూడా అదే అనుకుంది, దాని కోసమే నిలబడింది. రుక్మిణమ్మ ఏడవలేదు. కుంకుమ భరిణె మూత పెట్టి, బిగించి, అరుగు మీద ఉంచింది.

"నోటితో పిలువు, చాలు," అంది. "నేను వస్తాను. ఎదురింట్లో కూర్చోను. గడప దాటి లోపలికే వస్తాను. పీటేస్తే కూర్చుంటాను, ఆకేస్తే తింటాను. ఎవురు మొగం తిప్పుకున్నా తినే లేస్తాను. ముహూర్తం ఎన్ని గంటలకు?"

రమణమ్మ దీనికి సిద్ధపడి రాలేదు. "ఏడూ ఇరవైకి," అని ఆమె నోటి నుంచి దానంతట అది వచ్చేసింది.

"పొద్దన్నా?"

"పొద్దన్నే."

"అట్లయితే ముందురోజే బయల్దేరల్ల," అంది రుక్మిణమ్మ, ఆమెతో కాదు, తనలో తాను లెక్క చూసుకుంటున్నట్టు. తర్వాత వాళ్ళు బస్టాండు వైపు పోవడం కూడా చూడకుండా తన ఇంటి వైపు నడిచి, గుమ్మంలో అడ్డంగా నిలబడిన ఈశ్వరమ్మను జరగమని, లోపలికి కేక వేసింది.

"ఇంగేం సూస్తాండారు? ఆకులెయ్యండి."